కనుమలో వాన... చేలో శెనక్కాయ!

అనంతపురం జిల్లాకి వానలో తడవడానికి వెళ్తున్నామంటే నవ్వనివాడు లేడు. "వానలో బండి తోలాలని సరదాగా ఉంటే అగుంబె పోండి, చిక్కమగళూరు పోండి. అదీ కాదంటే మారేడుమిల్లి ఉండనే ఉంది. అనంతపురంలో ఏముందిరా, ఎండా బండా తప్ప!" అన్నారంతా. వాళ్ళని అని లాభం లేదు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టినవాళ్ళమే మనమంతా. ఏడాది పొడుగునా కలిపి ఇక్కడ పడేది ఇంచుమించు 550 మిల్లీమీటర్లు. అదే పడమటి సముద్రం ఒడ్డున మంగళూరులో 3,500 దాటుతుంది. రెండు ఊళ్ళ మధ్యా ఒక రాత్రి బస్సు ప్రయాణం, అంతే!

అయినా బయల్దేరాం. మేం నలుగురం, బళ్ళు మూడు. అనంతపురంలో కాలేజీ లెక్చరరుగా ఉన్న మాస్టారిది బుల్లెట్టు. మెకానిక్కుది పాత యెజ్డీ రోడ్‌కింగ్. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతబడ్డాక కూడా ఇలాంటి మొండి మనుషుల దయవల్ల ఇంకా రోడ్ల మీద తిరుగుతున్న బండి అది. మూడోవాడు హైదరాబాదులో సినిమాలకి అసిస్టెంటు కెమెరామన్, వాడిది పల్సరు. వాణ్ణి మేం 'కెమెరా' అనే పిలుస్తాం. ఇక నేను... పత్రికలకి రాసుకుని బతికేవాణ్ణి కనక సొంత బండి లేదు. యెజ్డీ వెనక సీటే నా సింహాసనం.

2022 అక్టోబరు 8, రెండో శనివారం. దసరా వెళ్ళి మూడు రోజులు. పొద్దున్నే అనంతపురంలో ఉగ్గాని, బజ్జి కడుపునిండా లాగించి దక్షిణంగా హైవే ఎక్కాం. ఆకాశం మబ్బుగానే ఉంది. "ఈ మబ్బు నాటకం ఇక్కడ ఎన్నిసార్లు చూశానో. సెట్టింగు బ్రహ్మాండం, కథ మాత్రం నడవదు" అన్నారు మాస్టారు.

పెనుకొండ దగ్గరికొచ్చేసరికి కథ నడిచింది. ముందు మట్టివాసన, తర్వాత హెల్మెట్ మీద టపటపా చినుకులు. కెమెరా గాడైతే రెండు చేతులూ వదిలేసి ఒక కేక పెట్టాడు. "చేతులు హ్యాండిల్ మీద పెట్టరా" అని మెకానిక్కు తిట్టాడు గాని వాడి ముఖంలోనూ నవ్వే.

పెనుకొండ అంటే ఘనగిరి. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు హంపీ వదిలి రాజధానిని ఇక్కడికే తెచ్చుకున్నారు. మహామంత్రి తిమ్మరుసు కళ్ళు పోగొట్టుకుని బందీగా గడిపింది ఈ ఊళ్ళోనే అంటారు. 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చూసినవాళ్ళకి గుమ్మడి ముఖం గుర్తుకు రాక మానదు. వానలో తడుస్తున్న గగనమహల్ ముందు నిలబడి మేం మాట్లాడుకున్నదీ ఆయన గురించే, రాజుల గురించి కాదు. కొండ దిగువన హైవే పక్కనే ఇప్పుడు కొరియా వాళ్ళ కియా కార్ల ఫ్యాక్టరీ. 2019 నుంచి కార్లు బయటికొస్తున్నాయి. దానికి నీళ్ళు పక్కనే ఉన్న గొల్లపల్లి జలాశయం నుంచి. ఆ జలాశయంలోకి వచ్చేది హంద్రీ-నీవా కాలవలో ఎత్తి పోసిన కృష్ణా నీళ్ళు. కరువు జిల్లాలో కారు తయారు కావాలంటే శ్రీశైలం నుంచి నీళ్ళు కొండలెక్కి రావాలన్నమాట!

వాన జోరెక్కడంతో కోట గుమ్మం కింద చేరాం. ఇక్కడ వాన ఎందుకు పడదో అక్కడే మాస్టారు చెప్పారు. నైరుతి గాలి అరేబియా సముద్రం మీంచి నీళ్ళు మోసుకొస్తుంది. పడమటి కనుమలు అడ్డం నిలబడతాయి. గాలి కొండెక్కుతూ చల్లబడి, ఉన్నదంతా అటువైపే కుమ్మరించేసి, ఇటు దిగేటప్పటికి ఖాళీ చేతులతో వస్తుంది. పోనీ అక్టోబరు దాటాక బంగాళాఖాతం వైపు నుంచి ఈశాన్య గాలి వస్తుందా అంటే, తూర్పున నల్లమల, వెలికొండ, పాలకొండలు ముందే పట్టేసుకుంటాయి. రెండు వైపులా కొండలు, నడిమధ్య ఈ పీఠభూమి. "ఇద్దరు అన్నదమ్ములు ఆస్తి పంచుకుంటే మూడోవాడికి మిగిలిన వాటా మాది" అన్నారాయన. కనుమలంటే మా బళ్ళకి సరదా. మాస్టారి ఊరికి మాత్రం అవే పగవాళ్ళు.

లేపాక్షి గురించి ఎంతోమంది రాసేశారు కనక నేను పొడిగించను. నేలకి ఆనకుండా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం, ఏకశిలా నంది ముందు ఫోటో దిగడం మేమూ చేశాం. వానలో చూడాల్సింది మాత్రం కల్యాణ మంటపం. పూర్తి కాకుండానే ఆగిపోయింది, కప్పు లేదు. నల్లగా తడిసిన ఆ స్తంభాల మీద బొమ్మలు ఎండలో ఎప్పుడూ అంత స్పష్టంగా కనిపించవని ఫోటోలు తీస్తూ కెమెరా గాడు గంటసేపు మమ్మల్ని నిలబెట్టేశాడు.

అక్కడికి దగ్గరే హిందూపురం. ఎన్టీఆర్ 1985లో, 1989లో, 1994లో గెలిచిన నియోజకవర్గం. 2014 నుంచి బాలకృష్ణ. టీ కొట్టులో కూర్చుని తెలుగు సినిమా వాన పాటలు ఏకరువు పెట్టాం. ఎన్టీఆర్, శ్రీదేవిల 'వేటగాడు' (1979) వాన పాటకే మొదటి స్థానం ఇచ్చారు మాస్టారు. అప్పుడు కెమెరా గాడు ఒక సంగతి చెప్పాడు. నిజం వాన కెమెరాకి సరిగ్గా అందదట. చినుకు తెర మీద కనబడాలంటే దాని వెనకనుంచి లైటు పడాలి. అందుకే పైపులు కట్టి, వెనక లైట్లు పెట్టి వాన కురిపిస్తారు. ఒక్క పాటకి ట్యాంకర్ల కొద్దీ నీళ్ళు ఖర్చు! టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ, "మా ఊళ్ళో ఎండాకాలం ట్యాంకరొస్తే బిందెలతో కొట్టుకుంటాం సార్" అన్నాడు. మేం డబ్బులిచ్చి లేచాం.

అన్నట్టు, సీమ అంటే తెలుగు సినిమా చూపించేదేమిటి? 'సమరసింహారెడ్డి' (1999) నుంచి లెక్కేసుకోండి... లేచిపోయే సుమోలు, తెల్ల చొక్కాలు, తొడకొట్టుళ్ళు. మేం తిరిగిన మూడు రోజుల్లో కత్తి చేతబట్టిన మనిషిని ఒక్కణ్ణే చూశాం. ఆయన లేత కొబ్బరికాయలు కొడుతున్నాడు.

గోరంట్ల, ఓ.డి.చెరువు మీదుగా ఆ రాత్రికి కదిరి చేరాం. గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న కొండలు, వాటి సందుల్లోంచి రోడ్డు. 'షోలే' (1975)లో గబ్బర్ సింగ్ గుట్టలు గుర్తున్నాయి కదా? ఆ సినిమా తీసిన రామనగరం బెంగుళూరుకి అవతల ఉంది. ఈ రాళ్ళూ ఆ రాళ్ళూ దాయాదులే. జై, వీరూల సైడ్‌కారు బండి ఏ మలుపులోంచైనా ఎదురొస్తుందేమో అనిపించింది. ఎదురొచ్చింది మాత్రం గొర్రెల మంద.

కదిరి అంటే నరసింహస్వామి, మల్లెపూలు. రైతులకైతే ఇంకోటి కూడా: శెనక్కాయ. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పుట్టిన కదిరి-6 విత్తనం ఈ చుట్టుపక్కల ఏ రైతు నోటైనా వినిపిస్తుంది. ఆ తర్వాత కదిరి లేపాక్షి అని ఇంకో రకం వచ్చింది. సినిమాల పేర్లలా ఉన్నాయి కదూ!

ఆదివారం పొద్దున ముసురులోనే గూటిబయలు వెళ్ళి తిమ్మమ్మ మర్రిమాను చూశాం. మాను అని ఏకవచనంలో అనడానికి నోరు రాదు. ఇంచుమించు 5 ఎకరాల అడవి అది. ఏది మొదలో ఏది ఊడో తేల్చడం మా వల్ల కాలేదు. బయట వాన ఆగినా లోపల ఆకుల మీంచి ఇంకా కురుస్తూనే ఉంది. ఈ చెట్టు 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కడానికి కారకుడు బెంగుళూరుకి చెందిన ఒక విలేకరి, ఫోటోగ్రాఫరు. పత్రికల వాళ్ళు 'విచారిస్తున్నాం' అంటూ తిప్పి పంపిన ఉత్తరాలు పోగుచేసి, చివరికి తన పేరునే 'రిగ్రెట్ అయ్యర్' అని మార్చుకున్న మహానుభావుడు. నా బోటి వాళ్ళకి కులదైవం లాంటివాడు. చెట్టుకో దణ్ణం, ఆయనకో దణ్ణం పెట్టుకుని కదిలాం.

అక్కణ్ణుంచి నంబులపూలకుంట మీదుగా రాయచోటికి రోడ్డు. నంబులపూలకుంటలో కొన్నేళ్ళ క్రితం కొండవాలు పొడుగునా సౌర విద్యుత్తు పలకలు పరిచారు. 2016లో మొదటి విడత 250 మెగావాట్లు మొదలైంది. ఎండ తప్ప పండనిచోట ఎండనే పండిస్తున్నారు! ఆ రోజు మాత్రం పలకలన్నీ వానలో కడిగిన పళ్ళాల్లా మెరుస్తూ ఊరికే పడున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి ఒక వంక మమ్మల్ని ఆపేసింది. మామూలు రోజుల్లో ఇసుక తప్ప ఏమీ ఉండని వంక. ఇప్పుడు ఎర్రటి నీళ్ళు రోడ్డు మీంచి పారుతున్నాయి. కెమెరా గాడు పల్సరు దించుతానన్నాడు. మాస్టారు తాళం లాగేసుకున్నారు. "అడుగున రోడ్డు కనబడకపోతే బండి దించకూడదు. ఇక్కడివాళ్ళకి ఈత రాదు, నేర్చుకోడానికి నీళ్ళెక్కడివి? అందుకే వంక వస్తే మనుషులు పోతారు." అంతకు ముందు ఏడాది, 2021 నవంబరులో ఈ కరువు జిల్లాలోనే చిత్రావతి పొంగి, మధ్యలో చిక్కుకున్న 10 మందిని వైమానిక దళం హెలికాప్టరు వచ్చి పైకి లాగింది. పారే నీళ్ళు మోకాలి లోతుంటే చాలు, బండి చక్రాన్ని పక్కకి నెట్టేస్తాయి. ఇలాంటి ప్రయాణాలు కట్టాలనుకునే తమ్ముళ్ళూ, ఇదొక్కటి గుర్తుంచుకోండి.

సరే, చింతచెట్టు కింద బళ్ళు నిలబెట్టుకున్నాం. సాయంత్రమైంది. మబ్బు మళ్ళీ దిగింది. అప్పుడు రోడ్డు పక్క చేలో పరుగులు పెడుతున్న మనుషులు కనిపించారు. ఒకాయన, ఆయన భార్య, ముసలామె, బడికెళ్ళే ఈడు ఆడపిల్ల. శెనక్కాయ చెట్టు పీకి ఓదెలు వేశారు, ఆరడానికి. ఆరకముందే వాన. తడిసిన ఓదెలు చేతుల్తో ఎత్తుకొచ్చి మిట్టమీద కుప్ప వేస్తున్నారు. కప్పడానికి ఉన్నది నాలుగు చిరిగిన ఎరువు సంచులు.

ఆయన మమ్మల్ని చూసి, "యా ఊరప్పా మీది? యాడికి పోతాండారు ఈ వానలో?" అని అరిచాడు.

"ఊరికేనన్నా, వానలో తిరగను వచ్చినాం" అన్నాడు కెమెరా గాడు, యాస కలుపుతూ.

"వానలో తిరగనా?"

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. ఆ మాట అర్థం కానట్టు ఒక్క క్షణం నిలబడి మళ్ళీ ఓదె ఎత్తుకున్నాడు. మాస్టారు అప్పటికే ప్యాంటు మడిచి చేలోకి దిగారు.

నలుగురం దిగాం. తడిసిన శెనక్కాయ కట్టె ఎంత బరువుంటుందో ఎత్తితే గాని తెలియదు. కాయలకి అంటిన మట్టితో కలిసి రాళ్ళ మూటే. పావుగంటకి నా నడుం పట్టేసింది. ఆ ముసలామె మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. చీకటి పడింది. మెకానిక్కు పైకెళ్ళి మూడు బళ్ళూ రోడ్డంచున వరసగా నిలబెట్టి, ఇంజన్లు ఆన్ చేసి, హెడ్‌లైట్లు చేలోకి తిప్పాడు. ఆ వెలుతుర్లో వాన ఒక్కసారిగా దారాల్లా కనబడింది. కెమెరా గాడు చెప్పిన వెనక లైటు అదే. వాడు తలెత్తి చూశాడు గాని, జేబులోంచి ఫోను తియ్యలేదు.

పనిచేస్తూనే ఆ రైతు చెప్పుకొచ్చాడు. "ఇత్తనం యేసేటప్పుడు పిలిస్తే రాదు. ఊడలు దిగేటప్పుడు మొక్కితే రాదు. పీకి ఓదెలేసినాక మాత్రం పిలవకుండానే వస్తాది." శెనక్కాయ పువ్వు పూసేది నేల పైన, కాయ కాసేది నేల లోపల. పూత రాలాక సన్నటి కాడ ఒకటి భూమిలోకి దిగి దాని చివర కాయ ఊరుతుంది. దాన్నే ఊడ అంటారు, పొద్దున మర్రిమాను దగ్గర చూసినదానికీ ఇదే పేరు. ఆ దిగే వారం పది రోజుల్లో నేల గట్టిపడి ఉంటే ఊడ లోపలికి పోలేదు, కాయ లేదు. ఒక్క వాన చాలు అప్పుడు. అదే వాన అక్టోబరులో వస్తే, ఈ గుత్తి రకాల కాయలకి నిద్ర తక్కువ కనక, తడి తగిలిందంటే చేలోనే మొలకెత్తుతాయి. కాయ నల్లబడుతుంది. కట్టె బూజు పడితే పశువులు ముట్టవు. అంటే మనిషి తిండీ పోయె, గొడ్డు తిండీ పోయె. 550 మిల్లీమీటర్లు తక్కువా ఎక్కువా అని మేం పెనుకొండలో లెక్కలు కట్టాం. ఆయన లెక్క మిల్లీమీటర్లలో లేదు, తేదీల్లో ఉంది.

కుప్ప అయ్యాక మెకానిక్కు మా సామాన్ల మీద కప్పిన పెద్ద టార్పాలిన్ పట్ట విప్పి తెచ్చాడు. దాన్ని కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టాం. "డబ్బులెంత?" అన్నాడు రైతు. "వాడుకో అన్నా, మళ్ళీ వస్తాం" అన్నారు మాస్టారు. ఆ ఇంటావిడ బెల్లం వేసిన వేడి టీ ఇచ్చింది. రాత్రి ఎనిమిదిన్నరకి వంక తగ్గింది. ఆ ఊరాయనే ఒకాయన కర్రతో ముందు నడిచి లోతు చూపిస్తే, ఒక్కో బండీ నెట్టుకుంటూ దాటించాం. గాలివీడు మీదుగా రాయచోటి చేరేసరికి అర్ధరాత్రి. బట్టలూ, దుప్పట్లూ ముద్ద ముద్ద.

సోమవారం నాడు మేం ఊహించుకున్న సాహసం ఎదురొచ్చింది. గువ్వలచెరువు ఘాటు! రాయచోటి నుంచి కడపకి పోయే ఈ దారిలో పీఠభూమి ఒక్కసారిగా తెగిపోతుంది. కదిరి ఇంచుమించు 500 మీటర్ల ఎత్తున ఉంటే కడప 140కి లోపే. ఆ మధ్య ఎత్తంతా దిగడానికి పాలకొండల అంచున పాములాంటి మలుపులు. పైన గువ్వలచెరువు ఊళ్ళో పాలకోవా ప్రసిద్ధి. వేడివేడి కోవా తిని, ప్లగ్గులు తుడుచుకుని దిగడం మొదలెట్టాం.

మంచు, వాన, ముందు లోడు లారీ, వెనక ఇంకో లారీ. పదడుగుల అవతల ఏముందో తెలీదు. మెకానిక్కు పైనే పాఠం చెప్పాడు: రెండో గేరు దాటొద్దు, క్లచ్చి పట్టుకుని జారొద్దు, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవద్దు. బుల్లెట్టుని ఇంజనే పట్టి ఆపుతుంది. యెజ్డీ టూ స్ట్రోకు, దానికా పట్టు ఉండదు, డ్రమ్ము బ్రేకులు తడిస్తే అసలే పట్టవు. అందుకని కాలు బ్రేకు మీద మెల్లగా ఆనించే ఉంచి, ఆ వేడికి తడి ఆరేలా చూసుకుంటూ దించాడు. ఒక మలుపులో ఎదురు లారీ మా సగం కూడా తీసుకుంది. మట్టి అంచు మీద యెజ్డీ వెనక చక్రం ఒకసారి అటూ ఇటూ ఊగింది. నా చేతులు మెకానిక్కు నడుం చుట్టూ బిగుసుకుపోయాయి. "నడుం వదులు బాబూ, నేనింకా పెళ్ళి కావాల్సినవాణ్ణి" అన్నాడు వాడు, గొంతు వణుకుతూనే.

దిగువకి వచ్చాక ఆగి వెనక్కి చూశాం. కొండ మీద మబ్బు కూర్చుని ఉంది. మామూలుగా అయితే అక్కడ ఈలలు, కేకలు ఉండాలి. కెమెరా గాడు మబ్బుకేసి చూస్తూ, "ఇది ఎటు పోతోంది మాస్టారూ?" అని మాత్రం అడిగాడు.

"పడమరకి" అన్నారాయన. అంటే, నిన్నటి చేను వైపుకి.

కడప, ముద్దనూరు దాటి పెన్న ఒడ్డున తాడిపత్రిలో ఆగాం. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన కె.వి.రెడ్డి 1912లో పుట్టింది ఈ ఊళ్ళోనే. నాటకాల బళ్ళారి రాఘవ పుట్టిందీ ఇక్కడే. బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో లింగం దగ్గర ఎప్పుడూ నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. బుగ్గ అంటే ఊట. కరువు సీమలో దేవుడికి కూడా నీళ్ళ పేరే పెట్టుకున్నారు. ఆ మాటకొస్తే అనంతపురం పేరే ఒక చెరువు పేరు, విజయనగరం నాటి అనంతసాగరం. ముచ్చుకోట కొండల మధ్య చివరి కనుమ దాటి రాత్రికి ఇల్లు చేరాం. మీటరు చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

మరో రెండు రోజులకే, అక్టోబరు 12న, రాత్రంతా కురిసిన వానకి అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలకి కాలనీలు మునిగిపోయాయి. మాస్టారు తెలిసినవాళ్ళ ఇళ్ళలో సామాను ఎత్తిపెట్టడంలో పడ్డారు. వారం తర్వాత ఆ రైతే ఆయనకి ఫోన్ చేశాడు. కుప్పలో పైన ఉన్నది దక్కిందట, అడుగు వరసలు మాత్రం మొలకలొచ్చి పోయాయట. సగానికి కొంచెం ఎక్కువే మిగిలిందన్నాడు.

"పట్ట ఎండబెట్టి మడిచి పెట్టినాం సార్. ఎప్పుడొచ్చి తీసుకపోతారు?"

"విత్తనం వేసేటప్పుడు వస్తాంలే, జూన్లో. వానలో" అన్నారు మాస్టారు.

"జూన్లోనా?" అని అవతల నవ్వు. "అప్పుడు వానుంటే కదా సార్!"